అంటు జట్టు పెద్దరికం

సొర మొక్క నెత్తిన పుచ్చ మొక్కను నిలబెట్టి బతికించడంలో మాల్సున్ అంతటిది సెట్గోల్‌లో ఇంకొకతె లేదని ఊరంతా అనేది. ఊరు అనకముందే ఆ మాట మాల్సున్ అనేది. ఎవరి చెవినైనా పడలేదేమోనన్న అనుమానంతో మర్నాడు మళ్ళీ అనేది. కొరియాలో పుచ్చకాయ అనేది తన చేతి మీదుగానే పుట్టినట్టు, అంతకుముందు జనం వేసవంతా నాలుకలు ఎండగట్టుకుని కూర్చున్నట్టు ఉండేది ఆవిడ ధోరణి.

నక్‌డాంగ్ ఏటి ఒడ్డు ఇసుక నేల అది. ఏటా అదే చోట పుచ్చ వేసి వేసి భూమిలో తెగులు తిష్ఠ వేసింది. వట్టి విత్తనం నాటితే తీగ పారుతుంది, పూత పూస్తుంది, పిందె కాస్త బరువెక్కే వేళకి నిలువునా వాలిపోతుంది. సొర వేరుకి ఆ తెగులంటే లెక్కలేదు. అందుకని లేత సొర మొక్క చివురు గిల్లేసి, ఆ చోట సన్నటి వెదురు పుల్లతో బెజ్జం చేసి, పుచ్చ మొక్క తలను ఏటవాలుగా కోసి అందులో గుచ్చుతారు. అలా కట్టిన అంట్లను ట్రేల్లో పేర్చి, అతుక్కునేదాకా ముసుగు కప్పి ఉంచుతారు. కింద సొర చాకిరీ చేస్తుంది, పైన పుచ్చ పేరు తెచ్చుకుంటుంది. మాల్సున్ మనసుకి బాగా నచ్చిన ఏర్పాటు ఇది. ఇంట్లో తనకీ కోడలు మీరాన్‌కీ మధ్య నడిచేది కూడా దాదాపు ఇదే.

అంటు పని జనవరి చలిలో వస్తుంది. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యేది కాదు కాబట్టి బదులు పని చేసుకుంటారు. ఇవాళ నీ ప్లాస్టిక్ పందిట్లో, రేపు నా పందిట్లో. మాల్సున్ జట్టులో నలుగురు. మాల్సున్, ఆవిడ కోడలు మీరాన్, పక్కింటి పిల్నం, ఏటిగట్టు కింద ఇంట్లో ఉండే గుమ్జా. మీరాన్ తప్ప మిగతా ముగ్గురూ ఒకే దుకాణంలో ఒకే రకంగా జుట్టు ఉంగరాలు తిప్పించుకుని, ఒకే రకం పూల పంట్లాములు వేసుకుని, వెనకనుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియకుండా ఉంటారు. ముందునుంచి అక్కర్లేదు. గొంతు వింటే మాల్సున్ ఎవరో పొరుగూరికి కూడా తెలుస్తుంది.

జట్టుకి పెద్ద మాల్సున్. పెద్దరికానికి హక్కులున్నాయి. పొయ్యి పక్కన పీట ఆవిడది. మధ్యాహ్నం నూడుల్స్ కుండ దిగితే మొదటి గిన్నె ఆవిడది. ఎవరింట్లో ముందు కట్టాలో, ఎవరింట్లో ఆఖరున కట్టాలో చెప్పేది ఆవిడే. ముందు కట్టినవాళ్ళ కాయ ముందు బజారుకెళుతుంది, వెనకబడ్డవాళ్ళ కాయ అందరూ తిని మొహం మొత్తాక వెళుతుంది. ఇవన్నీ వాడుకగా వచ్చిన హక్కులు. అందరి పనినీ ఎత్తిపొడిచే హక్కు మాత్రం ఎవరూ ఇచ్చింది కాదు. ఆవిడ తీసుకుంది.

ఆ ఏడు పనికి రోజులు ఖరారు చేసుకోవడానికి నలుగురూ ఊరి సావిడిలో చేరారు. వెచ్చటి నేల మీద కాళ్ళు బారచాపుకుని, కాల్చిన చిలగడదుంపలు ఒలుచుకు తింటున్నారు.

"ఈసారి కూడా ముందు మా ఇల్లే," అంది మాల్సున్. ఎవరూ అడగలేదు. "తర్వాత గుమ్జాది. పిల్నం, నీది ఆఖరు. పోయినేడు గుమ్జా పందిట్లో నువ్వు చేసిన నిర్వాకానికి ఆ మాత్రం ఉండాలి."

"నేనేం చేశాను వదినా?"

"ట్రేలకి ట్రేలు వాలిపోలా? అవి నీ చేతివి కాక ఇంకెవరివే?"

"నావని వాటి మొహాన రాసుందా?"

"రాయడమెందుకు, చూస్తే తెలీదూ? నువ్వు గుచ్చిన పుచ్చ మొక్క ఇష్టంలేని పెళ్ళికి కూర్చోబెట్టిన పిల్లలా మొహం పక్కకి తిప్పుకుని ఉంటుంది. మిగిలినవి ఇదిగో, ఈ మహాతల్లివి." మాల్సున్ గడ్డంతో కోడల్ని చూపించింది. "దీనికి దేవుడు చేతులు పెట్టడం మర్చిపోయి నాలుగూ కాళ్ళే పెట్టాడు."

మీరాన్ దుంప తొక్క తీస్తూ ఉంది. తల ఎత్తలేదు. గుమ్జాకి నవ్వొచ్చింది. కానీ పిల్నం మొహం చూసి దగ్గుగా మార్చుకుంది.

పిల్నం చేతిలో దుంప కింద పెట్టింది. "ఏళ్ళ తరబడి వింటున్నా వదినా. బతికినవన్నీ నీవి, చచ్చినవన్నీ నావీ, నీ కోడలివీ. చచ్చినవాటిలో ఒక్కటంటే ఒక్కటి నీది ఉండదా?"

"ఉండదు."

"అంత ధీమా ఏంటో!"

"ధీమానా? అయితే కట్టండి దారాలు! తలా ఒక రంగు దారం పుల్లకి కట్టుకుని ఎవరి ట్రేలో వాళ్ళు గుచ్చుకోండి. ముసుగు తీసిన రోజున ఎవరి చెయ్యి ఏపాటిదో ఊరే చూస్తుంది!"

బదులు పనిలో ట్రేలకి గుర్తు పెట్టుకోవడం ఆ ఊళ్ళో ఎన్నడూ లేదు. అన్ని చేతులూ కలిసిపోతాయి. బతికితే అందరిదీ, చస్తే అందరిదీ. అందుకే ఇరుగుపొరుగు ఇంకా ఒకరింట్లో ఒకరు నూడుల్స్ తినగలుగుతున్నారు. ఆ మర్యాదని మాల్సున్ సగం చిలగడదుంప తినేలోపల ఊడ్చిపారేసింది.

"సరే," అంది పిల్నం, మాట వెనక్కి పోకుండా తలుపేసినట్టు. "నాది పసుపు."

"నాది తెలుపు," అంది గుమ్జా, ఏడవబోయేదానిలా.

"నాకు ఎరుపు," అంది మాల్సున్. కోడలికి ఆకుపచ్చ కూడా ఆవిడే పంచింది.

మాట నోరు దాటాక గానీ తను ఏమన్నదీ మాల్సున్ బుర్రకి అందలేదు. అందాక గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆవిడ కుడిచెయ్యి రెండు చలికాలాల నుంచీ వణుకుతోంది.

ఎప్పుడూ కాదు. కర్ర పట్టుకున్నా, గంప ఎత్తినా బాగానే ఉంటుంది. సన్నపని ముందుకు రాగానే, వెదురు పుల్ల మొన సొర గుండెమీద ఆనించగానే, వేళ్ళు వాటంతట అవే సన్నగా ఆడతాయి. బెజ్జం పెద్దదైపోతుంది. కాడ పక్కకి చీలుతుంది. చీలిన కాడని తడి బొటనవేలితో అదిమి, పుచ్చ తలని కూరి, ఏమీ ఎరగనట్టు ట్రేలో పెట్టేసేది. గుమ్జా పందిట్లో వాలిపోయిన ట్రేలు ఎవరివో ఈ భూమ్మీద తెలిసినదెవరైనా ఉంటే అది మాల్సునే. తెలిసినకొద్దీ గొంతు పెంచింది. టౌనులో డాక్టరు మాత్రలిచ్చి, వయసు వణుకమ్మా, సన్నపని మానెయ్యమన్నాడు. ఆవిడ మానేసింది డాక్టరు దగ్గరికి వెళ్ళడం.

ఇప్పుడిక వెనక్కి తగ్గితే పిల్నం నోట్లో పడాలి. తగ్గకపోతే ట్రేలే చెబుతాయి. పొయ్యి పక్కన పీట పోతుంది. ఆ పీట మీదినుంచి దిగితే తను ఎవరు? ఉంగరాల జుట్టు, పూల పంట్లాము వేసుకున్న ఇంకో ముసలమ్మ. ఆ ఆలోచన మాల్సున్‌కి చావు కన్నా భయం పుట్టించింది. ఆవిడ గురించి ఎన్ని వెటకారాలాడినా ఆ భయం మాత్రం నిజం.

పని రోజు వచ్చింది. మాల్సున్ పందిట్లో పొయ్యి రాజేశారు. ప్లాస్టిక్ కప్పు మీది మంచు కరిగి బయట కారుతోంది. నలుగురూ పీటలు వేసుకుని, బ్లేడు, పుల్ల సర్దుకుని మొదలుపెట్టారు. మాల్సున్ మోచేతిని మోకాలికి బిగించి ఆనించి వణుకుని ఆపాలని చూసింది. ఆగితేగా! దాన్ని కప్పిపుచ్చడానికి నోటికి పని చెప్పింది.

"పిల్నం, అంటు కడుతున్నావా, మెడ విరుస్తున్నావా? గుమ్జా, ఆ బ్లేడు నీకు బంధువేంటే, అంత మొహమాటపడతావు?"

ఆ నవ్వుల మధ్య ఒక కాడ చీలింది. ఇంకోటి చీలింది. బార్లీ టీ తాగే నెపం పెట్టుకుని లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ చీలింది.

పక్క పీట మీదనుంచి మీరాన్ నెమ్మదిగా అంది, "అత్తయ్యా, పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నారు. కాసేపు నడుం వాల్చి రండి. ఆ ట్రే నేను చూస్తాలెండి."

"దేంతో చూస్తావే, కాళ్ళతోనా?"

ఈసారి గుమ్జా దగ్గలేదు, నవ్వేసింది. మీరాన్ తన ట్రే వైపు తిరిగిపోయింది. సాయం అనేది కోడలి నోట్లోంచి వస్తే దాని వెనక ఏదో ఎత్తు ఉంటుందని మాల్సున్ గట్టి నమ్మకం. కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఆ నమ్మకాన్ని నీళ్ళు పోసి పెంచుకుంటోంది.

సాయంత్రానికి పని అయింది. "నా ఎర్ర దారం ట్రేలు వాకిలి పక్కన పెట్టరా, నా కంటి ముందుండాలి," అని కొడుకు సంగ్‌చల్‌కి పురమాయించి, ఆవిడ నడుం పట్టుకుని ఇంట్లోకి పోయింది. సంగ్‌చల్ ట్రేలు మోశాడు. మీరాన్ వాటి మీద వంగిన బద్దలు నాటి, పైన ప్లాస్టిక్కు, దాని పైన నల్ల దుప్పట్లు కప్పింది. వారం తిరిగేదాకా ఆ ముసుగు తియ్యకూడదు. చీకట్లో, తేమలో, కోసిన రెండు మొక్కలూ ఒకటవ్వాలి.

ఆ ముసుగు కింద మొదటి రోజుల్లో ఒక చమత్కారం ఉంటుంది. అతుక్కున్నదీ అతుక్కోనిదీ ఒక్కలాగే పచ్చగా నిలబడి ఉంటాయి. తేమ అన్నిటినీ నిలబెడుతుంది. ఏది బతికిందో ఏది చచ్చిందో బయటి గాలి తగిలిన రోజున గానీ తేలదు. కాబట్టి ఇప్పుడు మాట్లాడేవి దారాలే. దారాలు మారితే ఎవరి చెయ్యి ఎవరిదో మారిపోతుంది.

ఈ సంగతి మాల్సున్‌కి ఆ రాత్రి అన్నం ముందు తట్టింది. మర్నాడు పొద్దున్నకల్లా గట్టిపడింది. ఇక మిగిలింది ఎవరి దారంతో మార్చాలన్నదే.

గుమ్జా అయితే ఏడుస్తుంది. ఏడుపు చూడటం తనవల్ల కాదని మాల్సున్ అనుకుంది. అంత జాలిగుండె తనకుందని తెలిసి ఆవిడకే ముచ్చటేసింది. పిల్నం అయితే నోరు చేసుకుంటుంది, ముక్క ముక్కా విప్పి చూస్తుంది. కోడలైతే? కోడలికి ఇందులో పోయేదేముంది? దానికి చేతకాదని తను పదేళ్ళుగా ఊరంతా చాటుతూనే ఉంది. కొత్తగా పోవడానికి పరువంటూ ఉండాలిగా! ఉన్న మాటకి ఓ రుజువు దొరికినట్టవుతుంది, అంతే. పైగా ఇంటి పరువు ఇంట్లోనే ఉంటుంది. ఇలా అన్ని వైపులా న్యాయంగా ఆలోచించి, మాల్సున్ కోడలి మీద నిలిచింది.

సంత రోజున కొడుకూ కోడలూ టౌనుకి బయల్దేరారు. మిరపపొడి, పిల్లాడికి బూట్లు తేవాలి. వాళ్ళ ట్రక్కు వంతెన దాటడం చూసి, మాల్సున్ మధ్యాహ్నపుటెండలో పందిట్లోకి దూరింది. దుప్పటి అంచు కాస్త ఎత్తి లోపలికి చెయ్యి పోనిచ్చింది.

వాకిలి పక్కన ఉన్నవాటికి ఆకుపచ్చ దారాలున్నాయి. ఎర్ర దారాలు ఎక్కడో అవతలి చివరన ఉన్నాయి.

"చెప్పిన చోట పెడితే వీడి సొమ్మేం పోయింది!" అని కొడుకుని తిట్టుకుంది. చిన్నప్పటినుంచీ అంతే, నీళ్ళు తెమ్మంటే నిప్పులు తెస్తాడు. తిట్టుకుంటూనే ఒక్కో పుల్లా పీకింది. ఎరుపున్న చోట ఆకుపచ్చ, ఆకుపచ్చ ఉన్న చోట ఎరుపు గుచ్చింది. పుల్లలు లావుగా ఉన్నాయి గనక చెయ్యి పెద్దగా వణకలేదు. పని ముగించి, దుప్పటి సర్ది, బయటికొచ్చి, ఎన్నాళ్ళకో గుండెనిండా గాలి పీల్చుకుంది. ఆ రాత్రి కోడలు పెట్టిన చేప పులుసులో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. మీరాన్ ఆశ్చర్యపోయి రెండోసారి వడ్డించింది.

ముసుగు తీసే రోజు పొద్దున్నే పందిరి నిండిపోయింది. పిల్నం, గుమ్జాలే కాదు, దారాల సంగతి విని ఊళ్ళో ఆడవాళ్ళు సగంమంది వచ్చారు. పని ఉన్నవాళ్ళు పని మానుకుని వచ్చారు. ఒకావిడ బియ్యపు కల్లు సీసా కూడా తెచ్చింది, ఎవరిని ఓదార్చాల్సి వస్తుందోనని.

మాల్సున్ పొయ్యి పక్కన పీట మీద నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.

"ముసుగు తియ్యబోయే ముందు ఒక్క మాట," అంది. "నేను పెద్దదాన్ని. నాకు నావాళ్ళూ పరాయివాళ్ళూ అని లేదు. ఎవరి ట్రేలు చచ్చాయో వాళ్ళు ఇవాల్టినుంచి బ్లేడు ముట్టుకోకూడదు. సొర చివుళ్ళు గిల్లి అందిస్తూ, ఖాళీ ట్రేలు కడుగుతూ ఓ మూల కూర్చోవాలి. పెద్ద కుండలోంచి ఆఖరి గిన్నె తినాలి. నా ఇంటి మనిషే అయినా సరే, జాలి చూపించను. వద్దని నా కాళ్ళు పట్టుకున్నా వినను."

"ఆహా," అంది ఎవరో. నిజంగానే మెచ్చుకుంది.

"అంత కఠినమెందుకులే వదినా," అంది పిల్నం. తన పసుపు దారాల మీద ఆమెకి అంత నమ్మకం లేదు.

"కఠినం కాదే, న్యాయం." మాల్సున్ కోడలి వైపు చూసి నిట్టూర్చింది. "ఏమే పిల్లా, నువ్వు కూడా వింటున్నావా?"

"వింటున్నా అత్తయ్యా," అంది మీరాన్. ఆమె మొహంలో దిగులేమీ కనిపించలేదు. సిగ్గులేనిదానికి దిగులెక్కడిది, అనుకుంది మాల్సున్.

సంగ్‌చల్ దుప్పట్లు లాగాడు. ప్లాస్టిక్కు ఎత్తాడు. వెచ్చటి ఆవిరి మొహాలకి కొట్టింది. అందరూ వంగారు.

మాల్సున్ వంగలేదు. ముందే తెలిసినదాన్ని చూడటమెందుకు? పందిరి కప్పు వైపు చూస్తూ మొదలుపెట్టింది. "నాకు తెలుసు. పదేళ్ళుగా చెబుతూనే ఉన్నా. పుట్టింట్లో నేర్పలేదు, నేను నేర్పబోతే బుర్రకెక్కలేదు. సొర కాడ పట్టుకోవడం రాదు, పుల్ల గుచ్చడం రాదు. పాపం, ఆ మొక్కలు ఏం పాపం చేశాయని దీని చేతిలో..."

"వదినా," అంది గుమ్జా.

"ఉండవే, చెప్పనీ. ఇలాంటి చేత్తో ఇంకా బ్లేడు పట్టుకోవడమంటే..."

"వదినా, అది ఎర్ర దారం."

మాల్సున్ తల దించింది.

ఆకుపచ్చ దారం ట్రేలు అవతలి చివరన కళకళలాడుతున్నాయి. పుచ్చ తలలన్నీ నిలబడి, మధ్యలోంచి కొత్త ఆకు మొలక తొంగిచూస్తోంది. పసుపూ తెలుపూ ఫరవాలేదు, అక్కడక్కడా ఒకటి పోయింది. వాకిలి పక్కన ఎర్ర దారం ట్రేలు మాత్రం నీళ్ళలో ఉడికించిన ఆకుకూరలా పడి ఉన్నాయి. చీలిన కాడలు నోళ్ళు తెరిచి అందరికీ కనిపిస్తున్నాయి.

మాల్సున్‌కి తల కొట్టేసినట్టయింది. తను చేసిన పని మళ్ళీ మొదటినుంచీ మనసులో తిప్పుకుంది. ఎరుపు పీకింది, ఆకుపచ్చ గుచ్చింది. ఆకుపచ్చ పీకింది, ఎరుపు గుచ్చింది. పొరపాటు ఎక్కడా లేదు. మరి మంచివి ఎరుపు కింద ఉండాలి కదా? దారాలు మార్చానని నోరు విప్పి అనలేదు. మార్చకపోతే బాగుండేదని అసలే అనలేదు.

అప్పుడు కోడలి మొహం చూసింది. దెప్పిపొడుపు లేదు, గెలిచిన సంతోషం లేదు. దొంగతనం పూర్తి చేసుకున్న ఇంట్లోకి ఇంకో దొంగ వచ్చి వెళ్ళినట్టు తెలిసినదాని మొహం అది. నోరు తెరుచుకుని ఎర్ర దారాల వైపు, ఆకుపచ్చ దారాల వైపు, ఆ తర్వాత తిన్నగా అత్తగారి వైపు చూస్తోంది.

దారాల మీద తనకన్నా ముందే ఇంకో చెయ్యి పడిందని మాల్సున్‌కి తట్టింది.

పిల్నం ఎగిరి గంతేస్తుందనీ, పాత బాకీలన్నీ తీర్చుకుంటుందనీ అందరూ ఎదురుచూశారు. అలా చేసినా మాల్సున్ తట్టుకునేది, తిరిగి నాలుగు అనేది. పిల్నం వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలే వదినా. వయసు మీద పడ్డాక చెయ్యి మాట వింటుందా? ఇన్నేళ్ళు చేశావు, చాలదూ? ఇక హాయిగా కూర్చో."

ఆ చెయ్యి బరువుకి మాల్సున్ పీట మీదే కుంగిపోయింది. తిట్టేవాళ్ళకి ఎలా జవాబు చెప్పాలో ఆవిడకి తెలుసు. జాలిపడేవాళ్ళకి ఏం చెప్పాలో తెలియదు. జీవితంలో ఎవరికీ ఆ అవకాశం ఇవ్వలేదు.

తర్వాతి పనులు చకచకా జరిగిపోయాయి. ఆకుపచ్చ ట్రేల చుట్టూ అందరూ మూగారు. "ఈ పిల్ల చెయ్యి ఇంత మంచిదా!" అన్నారు. గుమ్జా ఉత్సాహం పట్టలేక, "ఇంకేం, జట్టుకి మీరానే పెద్ద," అనేసింది. "నాకొద్దు పిన్నీ, నాకొద్దు," అని మీరాన్ నిజంగానే భయపడి వెనక్కి నడిచింది. వినయమనుకుని ఊరు ఇంకా ముచ్చటపడింది. మరి మాల్సున్ చెప్పిన న్యాయం? దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎత్తినట్టుంది. కల్లు సీసా తెచ్చినావిడ దాన్ని మాల్సున్ పక్కన ఊరికే పెట్టేసి పోయింది.

నూడుల్స్ కోసం జనం ఇంటి వైపు కదిలారు. పందిట్లో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. మీరాన్ చచ్చిన మొక్కల్ని ట్రేల్లోంచి దులపడం మొదలుపెట్టింది.

"నువ్వు మార్చావా?" అంది మాల్సున్ చివరికి.

"ఆ సాయంత్రమే. దుప్పటి కప్పకముందు."

"నా ఎరుపు తీసి నీ ట్రేలకి?"

"మీ ఎరుపు నా ట్రేలకి, నా ఆకుపచ్చ మీ ట్రేలకి. అన్నీ సరిగ్గా పెట్టా. ఇవాళ మీరు నెగ్గాల్సింది, నేను నాలుగు తిట్లు తినాల్సింది. అలవాటేగా." మీరాన్ ట్రేని గట్టిగా తట్టింది. "మీరెప్పుడు వెళ్ళారు?"

"సంత రోజున."

"నాకర్థమైంది లెండి."

మాల్సున్ కుడిచేతిని ఒళ్ళో దాచుకుంది. "చెయ్యి సంగతి నీకెలా తెలుసు?"

"రెండేళ్ళుగా మీ గిన్నెలో పులుసు సగమే పోస్తున్నా కదా, ఒలక్కుండా. కోడలు పిసినారిదని ఊరంతా చెప్పుకొచ్చారుగా మీరు."

మాల్సున్ కళ్ళు ఎటు తిప్పాలో తెలియక పొయ్యిలోకి చూసింది. సిగ్గేసింది. ఆ సిగ్గు కొత్తది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాస్త ఊరట కోసం కోడలి మనసులో ప్రేమేదైనా ఉందేమోనని వెతికింది.

"నా మీద అంత... అందుకేనా మార్చావు?"

"అయ్యో, అదేం లేదత్తయ్యా," అంది మీరాన్ దాపరికం లేకుండా. "ఇక్కడ మీ మాటలు ముగ్గురం పంచుకుంటున్నాం. పెద్దరికం పోయి మీరు ఇంట్లో కూర్చుంటే అవన్నీ నా ఒక్కదానికే కదా. నా గతేం కాను?" ఇప్పుడు ఆ గతి రానే వచ్చిందని ఆమెకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. "ఎంత కష్టపడి మార్చా! మీరెందుకు వేలు పెట్టారు?"

ఇంత జరిగినా మాల్సున్‌కి కోపమొచ్చింది. సిగ్గు కన్నా కోపం ఆవిడకి చేతికి దొరికే వస్తువు.

"మార్చేదానివి మార్చానని నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా! నోట్లో ముత్యాలున్నాయా? చెబితే నేనెందుకు ముట్టుకునేదాన్ని?"

మీరాన్ చేతిలో ట్రే ఆగిపోయింది. అత్తగారి వైపు తిరిగింది.

"చెబితే నమ్మేవారా?"

మాల్సున్ నోరు తెరిచింది. జవాబు నాలుక చివరనే ఉండే మనిషి. కోడలు వచ్చి, అత్తయ్యా, మీ పరువు కోసం దారాలు మార్చానని చెప్పినట్టు మనసులో ఊహించుకుంది. అప్పుడు తను ఏం చేసేది? ఇదేదో ఎత్తు వేసిందనుకునేది. తన మంచి ట్రేల మీద తన దారమే ఉంచుకుని, నన్ను నమ్మించి ముంచడానికి వచ్చిందనుకునేది. కోడలి వీపు తిరగడమే ఆలస్యం, పరుగెత్తుకెళ్ళి మార్చేది. ఈ ఎర్ర దారాలు ఎలా చూసినా ఇవాళ ఈ చచ్చిన మొక్కల మీదికే వచ్చేవి. ఆ సంగతి ఆవిడకి తేటగా కనిపించింది.

మీరాన్ మట్టి చేతులు పంట్లాముకి తుడుచుకుని, ఖాళీ అయిన ట్రేలు దొంతరగా పేర్చి అత్తగారి ముందు పెట్టింది.

"కడిగేసి వస్తారా అత్తయ్యా, నూడుల్స్ చల్లారిపోతాయి."

మాల్సున్ పొయ్యి పక్కనుంచి లేచింది. ట్రేలు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది.